వాన పడ్డదని రాయండి

(బోరబండలో మన యువతీ యువకులు కూర్చున్న ఒక చిన్న సమావేశంలో మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగితే రాసి ఇస్తున్నాను. మాట్లాడినట్టే ఉంచాను, అక్కడక్కడ మాత్రం సరిచేశాను.)



నేను ఉపన్యాసాలు ఇచ్చే మనిషిని కాదు. బట్టల షాపులో బిల్లులు కొట్టే మనిషిని. పన్నెండేళ్ళ కింద ములుగు ఏజెన్సీ నుంచి అమీర్‌పేటకు వచ్చిన, కంప్యూటర్ కోర్సు నేర్చుకుందామని. సగంలోనే పైసలు అయిపోయినయి. అమీర్‌పేటలో హాస్టల్ కిరాయి కట్టలేక బోరబండలో ఒక రేకుల గదికి మారిన. అప్పటి నుంచి ఇక్కడే ఉన్న. ఇక్కడ కూర్చున్న మీలో చాలామంది కథ ఇట్లాంటిదేనని నాకు తెలుసు. ఉట్నూరు నుంచి వచ్చినోళ్ళున్నరు, భద్రాచలం అవతల నుంచి వచ్చినోళ్ళున్నరు, నల్లమల నుంచి వచ్చినోళ్ళున్నరు. కొందరు కోచింగుల్లో, కొందరు డెలివరీ బండ్ల మీద, కొందరు అపార్ట్‌మెంట్లలో పనుల మీద ఉన్నరు.

ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం జైల్లో ఉన్న మనవాళ్ళ గురించి. మీలో ఎంతమంది ఇండ్లల్ల ఒకరు జైలుకు పోయి వచ్చిండ్రో, ఇప్పుడు ఎవరు లోపల ఉన్నరో నేను అడగను. చేతులు ఎత్తొద్దు. ఎవరికి వాళ్ళకు తెలుసు. నేను వకీలును కాదు కాబట్టి కేసుల గురించి ఎక్కువ చెప్పలేను. నాకు తెలిసింది ఒక్కటే పని. మా అన్న పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నప్పుడు ఇంటి నుంచి ఆయనకు ఉత్తరాలు రాసింది నేను. అందులో నేను చేసిన మంచి కొంత ఉంది, చేసిన తప్పు ఒకటి ఉంది. ఆ రెండూ మీకు చెప్పి కూర్చుంట.

ముందు దూరం గురించి చెప్పుకుందాం. మాది కోయ ఊరు. అన్న మీద పెట్టింది పోడు కేసు. ఒకప్పుడైతే మా దిక్కు మనుషులను వరంగల్ సెంట్రల్ జైలుకు పంపేవాళ్ళు. నిజాం కాలం నాటి జైలు అది. 2021లో ఆసుపత్రి కట్టడానికి దాన్ని ఖాళీ చేయించి కూల్చేశారు. అందులో ఉన్న ఖైదీలను చర్లపల్లికి, చంచల్‌గూడకు, ఇతర జిల్లాల జైళ్ళకు పంచేశారు. ఆసుపత్రి వద్దని ఎవరూ అనరు. కానీ ఏటూరునాగారం దిక్కు నుంచి కొడుకును చూడడానికి వరంగల్ పోయి పొద్దుగూకే సరికి ఇల్లు చేరే తల్లికి, హైదరాబాద్ అంటే రెండు రోజుల పని. బస్సు కిరాయి, ఒక రాత్రి ఎక్కడ పండుకోవాలన్న రంధి, రెండు రోజుల కూలి. భద్రాచలం నుంచైతే హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లకు పైనే. ఇట్లా ఎన్నిసార్లు వస్తరు? మొదటి నెల రెండుసార్లు వస్తరు. తర్వాత నెలకోసారి. తర్వాత పండుగకోసారి.

అందుకే ఈ మాట మీకు చెప్తున్న. ఊళ్ళో ఉన్న అమ్మకు జైలు దూరం. బోరబండలో ఉన్న మనకు దగ్గర. ఇక్కడ ఎంఎంటీఎస్ ఎక్కితే మలక్‌పేటలో దిగి చంచల్‌గూడ పోవచ్చు. ఈసీఐఎల్ బస్సు ఎక్కితే చర్లపల్లి దిక్కు పోవచ్చు. ఊరికీ జైలుకూ మధ్యన ఉన్న మనుషులం మనమే. మనం కదలకపోతే ఆ దారి మూసుకుపోతది.

ఇప్పుడు మా అన్న సంగతి. ఆయనను పట్టుకుపోయింది మృగశిర కార్తెలో. అప్పటికి ఇంకా విత్తనం పెట్టలేదు. మొదట్ల మేము ఏం రాసినమో చెప్పనా? "అన్నా, ధైర్యంగా ఉండు. మేమంత నీ వెంటే ఉన్నం. న్యాయం గెలుస్తది." రెండు పేజీలు అదే. నేను కొంచెం చదువుకున్న దాన్ని కదా, మంచి మంచి మాటలు ఏరి రాసిన. నెల తర్వాత అన్న దగ్గర నుంచి జవాబు వచ్చింది. నా మంచి మాటల గురించి అందులో ఒక్క ముక్క లేదు. మొత్తం ప్రశ్నలే. వాన పడ్డదా? ఎన్ని దుక్కులు పడ్డయి? ఎర్రెద్దు కాలు నయమైందా? కింది చెల్కల ఏం వేసిండ్రు? పత్తి మాత్రం వెయ్యొద్దు, అక్కడ నీళ్ళు నిలుస్తయి.

ఆ ఉత్తరం మా వదిన చేతికి చేరేసరికి కింది చెల్కల పత్తి మొలిచి జానెడు ఎత్తు ఉంది. విత్తనాల డబ్బులు అప్పు తెచ్చినవే. ఎగువ చెల్క బాగు కాలేదు కాబట్టి, కిందిది చదునుగ ఉంది కాబట్టి అక్కడ వేసింది పాపం. శ్రావణంలో ముసురు పట్టింది. అన్న చెప్పినట్టే నీళ్ళు నిలిచి మూడొంతుల చేను ఎర్రబడి పోయింది. మా వదిన అప్పుడొక మాట అన్నది: "ఆయనను జైల్ల పెట్టింది వాళ్ళు. ఆయనను అడగకుండ చేసింది మనం."

అప్పుడు నాకు అర్థమైంది. జైల్లో ఉన్న రైతుకు ధైర్యం చెప్పేవాళ్ళు కావాలి, నిజమే. కానీ అంతకన్నా ముందు ఆయన రైతుగానే ఉండాలి. భూమి గురించి ఆయనకు తెలిసింది ఇంకెవరికీ తెలియదు. ఏ మూల రాయి ఉంది, ఏ గట్టు తెగుతది, ఏ చెట్టు కింద పంట రాదు, అన్నీ ఆయన కాళ్ళకు తెలుసు. ఆ తెలివి జైలు గేటు దగ్గర లాక్కునేది కాదు. మనం అడగకపోతే మాత్రం అది లోపలే ఎండిపోతది.

ఆ తర్వాత నా ఉత్తరాలు మారినయి. ఆదివారం పొద్దున వదినకు ఫోన్ చేసేదాన్ని. వదినకు రాయడం రాదు. వాట్సప్‌లో మాట పంపడం నేర్పిన. ఆమె చేను గట్టు మీద నిలబడి చెప్పేది, కోయ మాటలు, తెలుగు మాటలు కలిపి. పక్కన కోడి అరిచేది, చిన్నోడు ఏడ్చేది అన్నీ అందులో వినబడేవి. ఆ మాటలు విని రాత్రి ఎనిమిది దాటినంక, షాపు నుంచి వచ్చి రాసేదాన్ని. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసేదాన్ని. "ఎర్రెద్దు కుంటుతనే ఉంది గని మేత మంచిగ మేస్తాంది. పక్కింటి బావ రెండు రోజులు నాగలి ఇచ్చిండు, మనం ఆయనకు రెండు రోజులు కలుపు తీయాలె. పెయ్యదూడ పుట్టింది, నుదుటి మీద తెల్ల మచ్చ. చిన్నోడు స్కూలుకు పోతలేడు, నువ్వొకసారి రాసి బెదిరించు." ఇవే. ఇందులో ఒక్క గొప్ప మాట లేదు. అన్న బయటికొచ్చినంక నాకు చూపించిండు. ఆ కాగితాలు మడతల దగ్గర చినిగిపోయేదాకా చదువుకున్నడు. మొదట్ల రాసిన రెండు పేజీల ధైర్యం మాత్రం కొత్త కాగితం లెక్కనే ఉంది.

ఇంకొకటి. రెండో ఏడు విత్తనాల పండుగ ముందు వదిన సామ విత్తనం కోసం ఇల్లంతా వెతికింది. దొరకలేదు. ఊళ్ళో అప్పటికే సామలు వేసేవాళ్ళు తగ్గిండ్రు, అడిగితే ఇచ్చేవాళ్ళు లేరు. ఉత్తరంలో అడిగినం. మూడు వారాలకు జవాబు వచ్చింది: అటక మీద, దూలం చివర, పాత చాట వెనుక సొరబుర్రలో బూడిద కలిపి పెట్టిన. అక్కడే ఉంది. ఆ ఏడు పండుగకు మా ఇంటి విత్తనం మా చేతుల్లోనే ఉంది. జైల్లో ఉన్న మనిషి తన చేను విత్తిండంటే నమ్ముతరా? మా అన్న విత్తిండు.

ఇంత మంచి చెప్పిన. ఇప్పుడు తప్పు చెప్పాలె.

మొదటి ఏడు వరికోతలప్పుడు మా నాయిన చనిపోయిండు. జ్వరం వచ్చింది, ఐదు రోజుల్లో అయిపోయింది. ఇంట్లో అందరూ ఒక్కటే అన్నరు: లోపల ఉన్నోనికి చెప్పొద్దు, తట్టుకోలేడు, ఏమన్న చేసుకుంటడు. పెద్దవాళ్ళు చెప్పింది నేనూ సరే అన్న. చెప్పకుండ ఊరుకుంటే వేరే సంగతి. కానీ అన్న ప్రతి ఉత్తరంల నాయిన గురించి అడిగేటోడు. నేను రాసిన: "నాయిన మంచిగనే ఉన్నడు. దగ్గు తగ్గింది." మూడు నెలలు అట్లనే రాసిన. అబద్ధం చెప్పమన్నది అందరు, రాసింది నా చెయ్యి.

మా పక్క ఊరి పిలగాడు ఒకడు ఏదో కేసులో అదే బ్యారక్‌కు వచ్చిండు. వాడు మాటల మధ్యల చెప్పిండు, మీ నాయిన దినాలకు మేం వచ్చినం గదా అని.

ఆ తర్వాత రెండుసార్లు నేను ములాఖత్‌కు పోతే అన్న బయటికి రాలేదు. మూడోసారి వచ్చిండు. అద్దానికి అవతల ఫోన్ పట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆఖరుకు అన్నడు: "నాయిన పోయిండని కాదు చెల్లే. నన్ను అప్పుడే లెక్కలకెల్లి తీసేసిండ్రా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. తర్వాత వకీలు సార్ చెప్పిండు: ఆ రోజే చెప్పి ఉంటే కోర్టులో తాత్కాలిక బెయిల్ అడిగేవాళ్ళం, లేకపోతే పోలీసుల కాపలాతో అయినా దినాలకు తీసుకుపొమ్మని అడిగేవాళ్ళం అని. కోర్టు ఇచ్చేదో లేదో తర్వాతి మాట. అడిగే హక్కు అన్నకు ఉండె. అది పోలీసులు తీసుకోలేదు, జైలువాళ్ళు తీసుకోలేదు. ప్రేమతోనే మేం తీసుకున్నం.

అందుకే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మంచి కబురు ఎట్ల పంపుతరో చెడ్డ కబురు కూడా అట్లనే పంపండి. ఉత్తరంలో ఒక్కసారే పడేయొద్దు. ఎవరన్న ఒకరు ముఖాముఖి పోయి చెప్పండి, ముందుగా వకీలుకు చెప్పండి, లోపల ఆయనకు దగ్గరి మనిషి ఎవరుంటే వాళ్ళను పక్కన ఉండమనండి. కానీ దాచొద్దు. మనం పంట ఇంటికి వచ్చినప్పుడు లేని మనిషి వాటా కూడా పక్కకు తీసి పెడతం. కబురు కూడా అంతే. ఇంటి సంతోషంలో ఆయన వాటా ఉంది, ఇంటి దుఃఖంలోనూ ఉంది. ఆయన వాటా ఆయనకు పంపాలె.

ఇక్కడి నుంచి పంజాగుట్ట ఎంత దూరమో మీకు తెలుసు. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో 2024 అక్టోబరు 12న ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా చనిపోయారు. ఆదివాసీ ప్రాంతాల్లో జరుగుతున్న దాడుల గురించి ఢిల్లీలో కూర్చుని మాట్లాడిన మనిషి, మన అమలాపురం మనిషి, చిన్నప్పుడు పోలియో వచ్చి చక్రాల కుర్చీలోనే బతికిన మనిషి. 2014లో అరెస్టు చేశారు, 2017లో యావజ్జీవ శిక్ష వేశారు, 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి నిర్దోషి అని వదిలేసింది. బయటికి వచ్చి ఏడు నెలలే బతికారు.

ఆయన సంగతి ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, ఉత్తరాల గురించే. నాగపూర్ జైల్లో ఆయనకు తెలుగు ఉత్తరాలు అనుమతించలేదు. ఆయనా ఆయన భార్య వసంత గారూ తెలుగు మనుషులై ఉండి కూడా ఇంగ్లీషులో రాసుకోవాల్సి వచ్చింది. ఆయన తల్లి 2020 ఆగస్టు 1న హైదరాబాదులోనే చనిపోయింది. కడసారి చూసుకోవడానికి పెరోల్ అడిగితే ఇవ్వలేదు. ఇంత చదువుకున్న ప్రొఫెసర్‌కు, దేశమంతా తెలిసిన మనిషికి, తల్లి భాష జైలు గేటు దగ్గర ఆగిపోయింది. మరి గోండి తప్ప రాని మనిషి సంగతి ఏంది? కోయ తప్ప రాని తల్లి సంగతి ఏంది?

అదే కేసులో గడ్చిరోలి ఆదివాసీ యువకుడు పాండు నరోటే ఉన్నాడు. 2022 ఆగస్టు 25న, శిక్షలో ఉండగానే, జ్వరంతో చనిపోయాడు. వయసు 33. ఆయన కూడా నిర్దోషి అని తీర్పు వచ్చింది, ఆయన పోయినంక. ప్రొఫెసర్ రాసిన ఉత్తరాలు, కవితలు 2022లో పుస్తకంగా వచ్చాయి. పాండు నరోటే ఇంటికి ఏం చెప్పాలనుకున్నాడో, ఇంటివాళ్ళు ఆయనకు ఏం చెప్పాలనుకున్నారో మన చేతికి వచ్చిన పుస్తకం లేదు. మనవాళ్ళ ఉత్తరాలు పుస్తకాలు కావాలని నేను అనను. కనీసం రాయబడాలె.

మన చుట్టాలు సరిహద్దు అవతల కూడా ఉన్నరు. ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా బుర్కాపాల్ కేసు మీకు గుర్తుండాలి. 2017 ఏప్రిల్‌లో అక్కడ 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ ఆదివాసీలను పట్టుకుపోయారు. 2022 జూలైలో కోర్టు 121 మందినీ నిర్దోషులని వదిలింది. ఐదేళ్ళు. మనం సంవత్సరాలు లెక్కపెడతం. వాళ్ళు వానకాలాలు లెక్కపెట్టి ఉంటరు. ఐదు విత్తనాల పండుగలు, ఐదు ఇప్పపూల కాలాలు, ఐదు తునికాకు సీజన్లు. కోర్టు నిర్దోషి అని చెప్తది గాని, ఆ ఐదు పంటలు ఎవరిస్తరు?

ఇది ఏదో కొందరి సంగతి కాదు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారం 2022 ఆఖరుకు దేశంలో జైళ్ళల్ల ఉన్నది 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా నేరం రుజువు కాలేదు. 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సుప్రీంకోర్టు జడ్జీల ముందు నిలబడి ఈ మాటే మాట్లాడింది. చిన్న చిన్న గొడవలకు ఏండ్లకేండ్లు లోపల ఉన్నవాళ్ళ గురించి, కేసు నడిపితే ఉన్నది అమ్ముకోవాల్సి వస్తదన్న భయంతో వాళ్ళను విడిపించుకోలేని కుటుంబాల గురించి చెప్పింది. ఒక సంతాలీ ఊరి ఆడబిడ్డ ఆ మాట చెప్పిందంటే, ఊళ్ళో చూసిందే చెప్పింది.

ఉత్తరం రాయడం, కలవడం జైలువాళ్ళు పెట్టే భిక్ష అనుకుంటరు మనోళ్ళు. కాదు. పాత 1894 జైళ్ళ చట్టం 40వ సెక్షన్‌లోనే విచారణ ఖైదీ తనవాళ్ళతో కలిసి మాట్లాడే ఏర్పాటు ఉండాలని రాసి ఉంది. 1974లో విశాఖ జైలు ఖైదీల కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, భువన్ మోహన్ పట్నాయక్ కేసు అంటరు. జైలుకు పోయినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని కోర్టు అందులో చెప్పింది. 1981లో ఫ్రాన్సిస్ కొరాలి ముల్లిన్ కేసులో, కుటుంబాన్ని కలుసుకోవడం 21వ అధికరణం కింద ఉన్న జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఇంకో సంగతి వినండి. తీహార్ జైల్లో ఉన్న సునీల్ బాత్రా అనే ఖైదీ తోటి ఖైదీని హింసించారని సుప్రీంకోర్టు జడ్జికి ఒక ఉత్తరం రాసిండు. ఆ ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది, 1979 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ఒక్క కాగితం ముక్క. ఉత్తరం అంటే చిన్నది అనుకోకండి.

మరి ఎట్ల రాయాలి? నేను నేర్చుకున్నది చెప్త.

జైలు ఉత్తరాలు అధికారులు చదివినంకనే లోపలికి పోతయి. కాబట్టి కేసు సంగతులు, సాక్షుల సంగతులు, ఇంకొకరి పేర్లు ఉత్తరంలో వద్దు. అవి వకీలుతోనే మాట్లాడుకోవాలె. వకీలుతో మాట్లాడేటప్పుడు పక్కన ఎవరూ వినకుండా మాట్లాడే హక్కు విచారణ ఖైదీకి అదే 40వ సెక్షన్ ఇస్తది. చేను గురించి, పశువుల గురించి, పిల్లల గురించి ఎంతైనా రాయొచ్చు. అవి చదివితే చదవనీ. మన ఎర్రెద్దు కాలు గురించి నాలుగు రోజులు జైలు ఆఫీసులో కూడా తెలుస్తది, అంతే గదా.

ప్రతి ఉత్తరం మీద తేదీ వేయండి, నంబరు వేయండి. ఇది ఏడో ఉత్తరం, ఇది ఎనిమిదోది అని. అప్పుడు ఏది అందలేదో ఆయనకూ తెలుస్తది, మీకూ తెలుస్తది. పంపే ముందు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ముఖ్యమైనది అయితే స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచండి. 2025లో రిజిస్టర్ పోస్టును కూడా స్పీడ్ పోస్టులోనే కలిపేశారు. మామూలుది అయితే ఇన్‌లాండ్ లెటర్ చాలు, ఒక చాయ్ ఖర్చు కూడా కాదు. ములాఖత్ కోసం ఈ-ములాకాత్ అని ఆన్‌లైన్ పద్ధతి ఉంది. ఊళ్ళో అమ్మకు అది తెలియదు. మీకు తెలుసు. రోజంతా ఫోన్ పట్టుకునే ఉంటం కదా, పది నిమిషాలు దానికి పెట్టండి.

ఇంటివాళ్ళ మాటకు పాలిష్ పెట్టొద్దు. అమ్మ కోయలో చెప్తే కోయ మాటనే తెలుగు అక్షరాల్లో రాయండి, కింద తెలుగులో అర్థం రాయండి. అధికారి అర్థం కాలేదని ఆపితే, ఎందుకు ఆపారో కాగితం మీద రాసిమ్మని మర్యాదగానే అడగండి.

ప్రతి ఉత్తరంలో ఒక్క ప్రశ్న అయినా ఉండాలె. ఏ విత్తనం వేయాలె? దూడను అమ్మాలా ఉంచాలా? చిన్నదానికి ఏ పేరు పెట్టాలె? జవాబు చెప్పాల్సిన పని ఉన్న మనిషి పొద్దున లేస్తడు.

జవాబు రాకపోతే కోపం తెచ్చుకోవద్దు. లోపల కాగితం ఉండకపోవచ్చు, రాసిపెట్టేవాడు దొరకకపోవచ్చు, మనసు బాగుండకపోవచ్చు. మీ నంబరు మీరు వేసుకుంటూ పోండి.

భూమి కాగితాల కబురు తప్పకుండా పంపండి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రంలో లక్షన్నర మందికి పైగా, నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చినమని ప్రభుత్వం చెప్పింది. మీ ఇంటి భూమి అందులో వచ్చిందా, రాలేదా? అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్ళయినవాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలె. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్నవాళ్ళను ఖాళీ చేయించొద్దని అదే చట్టం 4వ సెక్షన్ చెప్తది. మొగడు జైల్లో ఉన్నడని ఆడమనిషి చేను వదిలి ఇంట్లో కూర్చోవాల్సిన పని లేదు. మంచిర్యాల జిల్లా కోయపోచగూడెంలో 2022లో పోడు కోసం ఆడవాళ్ళే జైలుకు పోయిండ్రు, ఆదిలాబాద్ జైలుకు. అప్పుడు ఇంటి కబురు అందాల్సింది తల్లులకు. జైల్లో ఉన్నది అన్నే అనుకోవద్దు, అక్క కూడా కావచ్చు, అమ్మ కూడా కావచ్చు.

ఆఖరుకు, ఉత్తరాల వల్ల ఒక పెద్ద లాభం ఉంది. లెక్క తప్పదు. మా అన్నకు ఎన్ని నెలలు అయిందో నా ఉత్తరాల నంబర్లే చెప్పినయి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్ 479వ సెక్షన్ వచ్చింది. యావజ్జీవం, ఉరిశిక్ష పడే నేరాలు కాకుండా మిగతా వాటిల్ల, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణలోనే గడిచిపోతే బెయిల్ మీద వదలాలె. ముందు ఏ శిక్షా పడనివాళ్ళకు మూడో వంతు చాలు. ఒకరి మీద ఎక్కువ కేసులుంటే మాత్రం ఇది వర్తించదు. పాత కేసులకు కూడా ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. బెయిల్ వచ్చి కూడా జమానత్ పెట్టలేక ఏడు రోజుల్లో బయటికి రాకపోతే, జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలని 2023 జనవరి 31న అదే కోర్టు చెప్పింది. షెడ్యూల్డ్ తెగల మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం చెప్తది. 15100 కు ఫోన్ చేయొచ్చు. ఇవన్నీ లోపల ఉన్నోనికి ఎవరు చెప్తరు? మనమే చెప్పాలె. లెక్క పెట్టేవాళ్ళు బయట ఉంటేనే లోపల మనిషి లెక్కలో ఉంటడు.

మా అన్న బయటికి వచ్చిన రోజు నేరుగా ఇంట్లకు పోలేదు. ముందు కింది చెల్కకు పోయిండు. వెనుకనే నేను, వదిన. ఆ ఏడు అక్కడ వరి ఉంది. గట్టు మీద నిలబడి చూసిండు. తెల్ల మచ్చ పెయ్యను చూసి "ఇదేనా?" అన్నడు. ఆ ఒక్క మాటకు మా వదిన ఏడ్చింది. పద్నాలుగు నెలలు లేని మనిషికి ఆ పెయ్య కొత్తది కాదు, చుట్టమే. నాయినను పెట్టిన చోటికి మాత్రం ఒక్కడే పోయిండు. నన్ను రమ్మనలేదు. నేనూ పోలేదు. ఆ మూడు నెలల ఉత్తరాల అప్పు నా మీద ఇంకా ఉంది.

మీరు ఆ అప్పు చేసుకోకండి. ఈ ఆదివారం ఊరికి ఫోన్ చేసినప్పుడు ఐదు నిమిషాలు ఎక్కువ మాట్లాడండి. మీ ఇంటి మనిషి లోపల లేకపోతే మీ ఊరి మనిషి ఎవరున్నరో అడగండి. వాళ్ళ చేను సంగతి కనుక్కోండి. రాత్రికి ఒక కాగితం తీసుకోండి. ఏం రాయాలో తోచకపోతే మొదటి ముక్క నేను చెప్త: ఊళ్ళో వాన పడ్డదా లేదా. అక్కడి నుంచి మిగతాది అదే వస్తది.

జోహార్.